తొమ్మిది వీధులకీ ఒకటే రోడ్డు

వారానికోసారి రోడ్డుని చీపురుతో దులిపి, మడతల్లో ఎలకలు కాపురం పెట్టకుండా చూసుకోవడం మేస్త్రమ్మ పని. ఊళ్లో తొమ్మిది వీధులున్నాయి, రోడ్డు మాత్రం ఒకటే. దాన్ని చాపలా చుట్టి తొమ్మిదో వీధి మధ్యలో ఉన్న మునిసిపల్ గోడౌనులో నిలబెట్టేవాళ్లు. చైర్మన్‌గారు ఏ వీధికొస్తే ఆ వీధిలో పరిచి, ఆయన కారు మలుపు తిరగ్గానే చుట్టేసేవాళ్లు. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. "మా వీధిలో పావుగంటైనా ఉంచలేదు" అని సణుక్కోవడం తప్ప ఎవరికీ పేచీ లేదు. ఆఫీసు కాగితాల్లో మాత్రం తొమ్మిది రోడ్లూ భేషుగ్గా ఉన్నాయి. చైర్మన్‌గారి వెంట తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ తను చూసిన వీధిలో రోడ్డుని కళ్లారా చూసే వెళ్లాడు మరి, అబద్ధమని ఎవరనగలరు?

అయితే ఆ రోడ్డుకో పట్టుదల ఉందని మేస్త్రమ్మా, ఆమె కింద పనిచేసే పన్నెండుమందీ నమ్మేవాళ్లు. జెండా కట్టిన కారు హారను వినబడితే గానీ అది విప్పుకోదు. మొట్టమొదటిసారి అందరూ కలిసి ఎంత తోసినా కదలని రోడ్డు, చైర్మన్‌గారి కారు హారను మోగగానే గిర్రున విప్పుకుంది. అప్పట్నుంచి హారను వినకుండా దానిమీద చెయ్యి వేసినవాళ్లు లేరు.

ఓ వానాకాలం ఉదయం మేస్త్రమ్మ కూతురికి నొప్పులొచ్చాయి. వాళ్లుండేది తొమ్మిదో వీధి చివర. బిడ్డ అడ్డం తిరిగిందనీ, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమనీ నర్సమ్మ చెప్పింది. అంబులెన్సు హైవే మీదికొచ్చి ఆగిపోయింది.

"ఈ బురదలో దిగితే బండి బయటికి రాదమ్మా," అన్నాడు డ్రైవరు ఫోనులో. "ఎలాగోలా ఇక్కడిదాకా మోసుకురండి."

మంచం మీద మోద్దామని నలుగురు లేచారు. పది అడుగులు వెయ్యకముందే మోకాలిదాకా కూరుకుపోయి, పిల్లని మళ్లీ ఇంట్లోకే చేర్చారు. మేస్త్రమ్మ పడుతూ లేస్తూ ఆఫీసుకి పరిగెత్తింది.

"సార్, రోడ్డు పరిపించండి. అమ్మాయి ప్రాణం మీదికొచ్చింది."

ఇంజనీరు చెడ్డవాడేం కాదు. "నేను వద్దంటానా మేస్త్రమ్మా? చైర్మన్‌గారు రాజధానిలో ఉన్నారు, కారూ అక్కడే ఉంది. హారను లేకుండా అది కదలదని నాకన్నా నీకే బాగా తెలుసు."

తెలుసు. తెలిసినా ఆమె కాళ్లు గోడౌనువైపే వెళ్లాయి. పనివాళ్లు వెనకాలే వచ్చి, ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో నిలబడ్డారు. మేస్త్రమ్మ రెండు చేతులూ రోడ్డుకి ఆనించి, "కదలవే తల్లీ," అని ఒక్క తోపు తోసింది.

రోడ్డు పక్కకి ఒరిగి, గుమ్మం దాటి, దారపుండలా దొర్లుకుంటూ మేస్త్రమ్మ ఇంటిదాకా పోయింది. ఇంకో చెయ్యి వెయ్యాల్సిన పని లేకుండా అక్కణ్ణుంచి వీధి పొడవునా బురద మీద పరుచుకుని హైవే అంచున ఆగింది. జెండా లేదు, హారను లేదు. అంబులెన్సు నేరుగా ఇంటి గుమ్మంలోకొచ్చింది.

మధ్యాహ్నానికి ఆస్పత్రిలో డాక్టరమ్మ బయటికొచ్చి మనవరాల్ని మేస్త్రమ్మ చేతుల్లో పెట్టింది. తల్లీ బిడ్డా క్షేమమేననీ, ఇంకో పావుగంట ఆలస్యమైతే తనేం చెప్పగలిగేది కాదనీ అంది. మేస్త్రమ్మకి ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. తడిసిన గొడుగుతో ఇంజనీరు వరండాలోకొచ్చాడు.

"ఎలా కదిలింది?"

"తోశాను సార్. అంతే."

"మొదటిసారి కదల్లేదంటే... కొత్త తారు కదా, అంటుకుపోయి ఉంటుంది. అది ఊడే సమయానికే హారను మోగిందేమో."

"మరి ఆ తర్వాత ఇన్నేళ్లలో, హారను లేకుండా తోసి చూద్దామని మీ ఆఫీసులో ఒక్కరికీ అనిపించలేదా?"

ఇంజనీరు గొడుగు ముడుచుకుంటూ ఆలోచించాడు. "అవసరం పడలేదమ్మా," అన్నాడు. గొడుగు గోడకి ఆనించి, "రేపు చైర్మన్‌గారు మొదటి వీధికొస్తున్నారు. సాయంత్రానికి రోడ్డు చుట్టించెయ్," అన్నాడు.

మేస్త్రమ్మ పసిగుడ్డుని ఒళ్లోకి తీసుకుని బల్లమీద కూర్చుంది.

"రెండేళ్ల కిందట మా ఆయనకి గుండెనొప్పొస్తే మా వీధిలోనే మంచం మీద మోసుకెళ్లాం సార్," అంది. "మోసేవాళ్ల కాళ్లు దిగబడిపోతే గోడౌను దగ్గర దించాం. అక్కడే పోయాడు. ఆయన తల ఒళ్లో పెట్టుకుని నేను గోడౌను గోడకే ఆనుకుని కూర్చున్నాను. రోడ్డు ఆ గోడకి అవతలే ఉంది. తోసి చూద్దామని నాకూ అనిపించలేదు."

ఇంజనీరు ఇంకోసారి చుట్టమనలేదు. మర్నాడు మొదటి వీధిలో చైర్మన్‌గారు చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచారు.