లాన్‌కి గట్టు

మా కోడలు రమ్యశ్రీ మా అబ్బాయినీ పాపనీ వెంటబెట్టుకుని ట్రైనింగ్‌కని విశాఖపట్నం వెళ్తూ తన లాన్‌ని పన్నెండు రోజులు నాకు అప్పగించింది. ఏలూరులో ఇల్లు కట్టాక వాకిట్లో తనే దగ్గరుండి గడ్డి వేయించింది. మనవరాలు భాగ్యశ్రీ మొదటి పుట్టినరోజు ఆ గడ్డి మీదే చేయాలని తన కోరిక.

"ఎండిపోకుండా చూడండి మావయ్యగారూ, అంతే చాలు" అంది.

నేను తాడేపల్లిగూడెం దగ్గర నలభై ఏళ్ళు వరి పండించాను. పొలం కౌలుకిచ్చి ఏలూరు వచ్చాక నన్ను నమ్మి ఎవరైనా ఒక పని చెప్పడం అదే మొదలు. జానెడు జాగాలో గడ్డి నాకొక లెక్కా అనుకున్నాను.

బస్సు కదిలిన గంటకే లాన్ చుట్టూ గట్టు వేశాను. మోటారు ఆన్ చేసి చీలమండలు మునిగేదాకా నీరు పెట్టాను. మా ఆవిడ వెంకటనరసమ్మ అరుగు మీద కూర్చుని చూసి, "ఎన్నాళ్ళకండీ!" అని సంతోషపడింది.

అయిదో రోజుకి గడ్డి పసుపు రంగుకి తిరిగింది. వరి చేను పసుపుబారితే యూరియా చల్లాలి. చల్లాను. ఏడో రోజుకి గోధుమరంగు వచ్చింది, వాసన కూడా వచ్చింది. కప్పలైతే ఆహ్వానం అందినట్టు వచ్చేశాయి.

గడ్డి బతకాలని మా ఆవిడ వేంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. నేనూ పూజలో అదే అడగబోయి ఆగిపోయాను. నీళ్ళు పెట్టింది నేను, యూరియా చల్లింది నేను. మధ్యలో ఆయన్ని ఏమని అడగను?

ఇంతలో కోడలి ఫోన్. "లాన్ చూపించండి మావయ్యగారూ, వీడియో కాల్ చేస్తాను."

పక్కింటి ఎడ్విన్‌గారు రిటైరైన పోస్ట్‌మాస్టరు. ఆయన లాన్ చిలకపచ్చగా ఉంటుంది. ఫోను పట్టుకుని ఆయన గేటు తీసి లోపలికి వెళ్ళిపోయాను. నుదుట బొట్టు ఆరకముందే అబద్ధానికి బయలుదేరానని తెలుసు. అయినా కాళ్ళు ఆగలేదు.

"అబ్బ! మీ చేతిలో ఏదో ఉందండీ" అని కోడలు మురిసిపోయింది.

అప్పుడే ఎడ్విన్‌గారు గడ్డి కోసే మెషీను తోసుకుంటూ వచ్చారు. "గంగాధరరావుగారూ, కాస్త జరుగుతారా అండీ, కోసుకోవాలి."

"ఎడ్విన్ అంకుల్ మనింట్లో గడ్డి కోస్తున్నారేంటండీ?" అంది కోడలు.

"సాయానికొచ్చారమ్మా..." అంటూ ఉండగానే గోడ అవతల నుంచి మా ఆవిడ కేక: "ఏవండీ! కప్పలు మెట్లెక్కి లోపలికొచ్చేస్తున్నాయండీ!"

ఇక దాచలేకపోయాను. ఫోను గోడ మీదుగా మా వాకిలి వైపు తిప్పాను. కోడలు ఫోనుకి మొహం దగ్గరగా పెట్టి చూసింది. తిడితే బాగుండుననిపించింది.

"ఆ గట్టు ఎవరు వేశారండీ?"

"నేనేనమ్మా. నీళ్ళు నిలవాలి కదా."

"ఎందుకు నిలవాలండీ?"

నలభై ఏళ్ళలో నన్నా మాట ఎవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. వరికి నిలవాలి. దీనికెందుకు నిలవాలి?

జవాబు ఎడ్విన్‌గారు చెప్పారు. "వేళ్ళకి గాలి ఆడాలండీ. మీరు పెట్టిన నీటికి ఊపిరాడక చస్తోందది. గట్టు కొట్టేయండి. నేల ఆరనివ్వండి. ఆరాక గునపంతో జానెడుకొక చిల్లు పొడవండి. ఆ తరవాత వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు. అదీ పొద్దున్నే. యూరియా మూట నాకిచ్చేయండి, మీ దగ్గరుంటే చేయి ఊరుకోదు."

"కోసేటప్పుడు మొదలంటా కోయకండి మావయ్యగారూ, పై కొసలే" అని ఫోనులోంచి కోడలు అందుకుంది.

పార తీసుకుని గట్టు కొట్టాను. నిలబెట్టిన నీటిని చేతులారా వదిలేయడం ఎంత కష్టమో రైతుకే తెలుస్తుంది. నీళ్ళు గలగలా పారి నేరుగా ఎడ్విన్‌గారి గేటు కిందకి దూరాయి.

"ఆగండాగండి! మా వైపు వస్తోందండీ!"

"పల్లం అటే ఉందండీ, నన్నేం చేయమంటారు?"

ఆయన నా చేతిలో పార లాక్కుని తన గేటు ముందు గట్టు వేసుకోవడం మొదలుపెట్టారు. వంకరగా వేస్తున్నారు. నాకు చెప్పాలనే ఉంది గానీ, ఆరోజు సలహాలిచ్చే స్థితిలో లేను.

కోడలు తిరిగొచ్చేసరికి మా లాన్ జల్లెడలా ఉంది. అక్కడక్కడా చిల్లుల అంచున సన్నని మొలకలు లేస్తున్నాయి. తను వంగి ఒక మొలకని వేలితో తాకి, "బతుకుతుందండీ. కానీ నెల దాకా దీని మీద ఎవరూ అడుగు పెట్టకూడదు" అంది.

అలా మా మనవరాలి పుట్టినరోజు ఎడ్విన్‌గారి లాన్‌లో జరిగింది. కేకు కోస్తుంటే పిల్ల చాప మీంచి పాకి, గుప్పెడు గడ్డి వేళ్ళతో సహా పీకి పైకెత్తి చూపించింది.

"చూశారా, కలుపు తీస్తోంది! అచ్చం మా పుట్టింటి చెయ్యి" అని మా ఆవిడ పొంగిపోయింది.

అందరం నవ్వాం. ఎడ్విన్‌గారు మాత్రం నవ్వలేదు.