పసుపు కుట్టు

సమ్మమ్మ టిఫిన్ సంచిని బైండింగ్ షాపు యజమాని శ్యాంసుందర్ బల్ల మీద బోర్లించాడు. గిన్నె మూత ఊడి పచ్చిపులుసు బల్లంతా పారింది. సంచిలోంచి ఒక దువ్వెన, హసన్‌పర్తి బస్సులో ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్టు, మనుమరాలి కోసం కొన్న ఎర్ర రిబ్బను పడ్డాయి. చేతితో ముట్టుకుంటే ఏదో అంటుతుందన్నట్టు ఆయన స్కేలు కొనతో ఒక్కొక్కదాన్ని కెలికి చూశాడు.

"బొమ్మలు ఏడ దాసినవ్?"

"నేను తియ్యలేదు సేటూ."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపొయినయా?"

గడప దగ్గర కుర్చీలో కూర్చున్న ప్రేమలత ఒళ్లో బొమ్మలు పోయిన పుస్తకం తెరిచే ఉంది. హనుమకొండలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయిన మనిషి. ఆమె అన్న రమాకాంత్ ఒకప్పుడు పిల్లల బొమ్మల మాసపత్రికకు చిత్రకారుడు. ప్రతి సంచికకూ నట్టనడుమ, పిన్నులు కొట్టేచోట, రెండు పేజీలు కలిపి ఒకే రంగుల బొమ్మ వేసేవాడు. పత్రిక ఎప్పుడో మూతబడింది. అసలు బొమ్మలు చెదల పాలయ్యాయి. రమాకాంత్ కూడా పోయాడు. మిగిలింది చెల్లెలు దాచుకున్న ఒక ఏడాది సంచికలు. వాటిని చేతికుట్టుతో, క్యాలికో అట్టతో, వెనక బంగారు అక్షరాలతో ఒకే పుస్తకంగా కట్టించుకుందామని మూడు వేలకు మాట్లాడుకుని ఈ షాపులో ఇచ్చింది.

ఈ పొద్దున ఆమె పాత శిష్యురాలు హైదరాబాద్ నుంచి ఫోన్‌లో ఒక ఫోటో పంపింది. అక్కడో కాఫీ దుకాణం గోడ మీద, అద్దం ఫ్రేములో, రమాకాంత్ బొమ్మ. ఎక్కడిదని అడిగితే వరంగల్ బైండింగ్ షాపు నుంచి కొన్నామన్నారట. ప్రేమలత ఆటో ఎక్కి వచ్చి, కట్టి సిద్ధంగా పెట్టిన పుస్తకాన్ని తెరిచింది. ప్రతి సంచికలోనూ నడిమి బొమ్మ మాయం. చించిన గుర్తు లేదు, కోసిన గుర్తు లేదు.

ఆ గుర్తు లేకపోవడమే సమ్మమ్మ మెడకు చుట్టుకుంది. సంచికల పిన్నులు ఊడబీకి, కాగితాలు విడదీసి, దుమ్ము తుడిచి, మళ్లీ దారంతో కుట్టేది ఆమే. పిన్ను తీయగానే నడిమి కాగితం దానంతటదే చేతికొస్తుంది. కావాలంటే మడిచి జాకెట్లో పెట్టుకోవచ్చునని శ్యాంసుందర్ టీచరమ్మకు విడమరిచి చెప్పాడు. ఇట్లాంటి మనుషులను నమ్మి చెడిపోయానన్నాడు. అక్కడితో ఆగలేదు.

"మొన్న మేడారం పొయ్యి మనుమరాలి ఎత్తు బంగారం తూకమేయించినవ్ గదా. రోజుకు మూడు వందల యాభై కూలి తీసుకునేదానికి గంత బెల్లం యాడికెల్లొచ్చింది?"

బెల్లమే అమ్మవార్లకు బంగారం. మనుమరాలికి జ్వరం తగ్గితే నిలువెత్తు బంగారం ఇస్తానని సమ్మమ్మ మొక్కుకుంది. ఏడాది పొడుగునా పొద్దుటి చాయ్ మానేసి కూడబెట్టింది. ఆ సంగతి చెప్పబోయింది గాని, చాయ్ మానేసిన సంగతి వీళ్ల ముందు చెప్పుకోవడం తిట్టు కంటే చేదుగా అనిపించి నోరు మూసుకుంది.

ఆ మౌనాన్ని టీచరమ్మ ఒప్పుకోలు అనుకుంది. "జాతరకు అమ్ముకున్నవన్నమాట," అంది నెమ్మదిగా. "మా అన్న చేతి బొమ్మలు."

కటింగ్ మిషను పక్కన ఎల్లస్వామి అట్టలు సవరిస్తున్నట్టు తల వంచుకుని నిలబడ్డాడు. ఇద్దరూ ఏండ్ల తరబడి ఒకే గిన్నెలో అట్టలంటించే లై ఉడికించుకున్నవాళ్లు. ఆమె కుడితే అతను అట్ట వేస్తాడు. ఒక్క మాట సాయం వస్తాడేమోనని సమ్మమ్మ అటు చూసింది. అతను అట్టను తిప్పి వేసి మళ్లీ సవరించడం మొదలుపెట్టాడు.

శ్యాంసుందర్ ఫోన్ తీసి ఆమె ఫోటో కొట్టాడు. పారిన పచ్చిపులుసు, బోర్లా పడ్డ సంచి, నడుమ ఆమె. తప్పు ఒప్పుకుంటే టీచరమ్మ కాళ్లు పట్టించి వదిలేస్తాడట. ఒప్పుకోకపోతే ఫోటో బైండర్ల గ్రూపులో పడుతుందట. ఈ గల్లీలో ఏ షాపూ నీ చేతికి సూది ఇవ్వదు, చూసుకో అన్నాడు.

అది ఉత్త బెదిరింపు కాదని సమ్మమ్మకు తెలుసు. కోర్టు కట్టలు, కాలేజీ పుస్తకాలు అన్నీ మిషను మీద బంకతో అంటించే బైండింగుకు పోయాక మట్టెవాడ వెనక మిగిలిన చేతికుట్టు షాపులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాత బొమ్మల పుస్తకాల మీద మోజున్న పట్నం వాళ్ల పుణ్యాన అవి నడుస్తున్నాయి. దొంగ అన్న పేరు పడితే ఇక మిగిలేది ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి తొడిమలు తెంపడమే. ఒక ఎండాకాలం ఆ పని చేసింది. రాత్రి మనుమరాలి మొహం తుడవబోతే మంటకు ఆ పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"మేడం," అంది సమ్మమ్మ. "గా ఫోటో ఒక్కసారి నాకు జూపియ్యుండ్రి."

"నువ్వు చూసేదేముంది? నీకు తెల్వని బొమ్మనా?"

"తెలుసు గాబట్టే అడుగుతాన."

ప్రేమలత ఫోన్‌ను తన చేతిలోనే ఉంచుకుని దూరం నుంచి చూపించింది. మామిడిపండ్ల బండి మీద ఎలుగుబంటి. బండిని లాగుతున్నవి రెండు కుందేళ్లు. మొదటి సంచిక నడిమి బొమ్మ అది. సమ్మమ్మ కండ్లు ఎలుగుబంటి మీద నిలవలేదు. దాని పొట్ట మీదుగా, కాగితం మడత వెంట నిలువుగా దిగిన గీత మీద నిలిచాయి. అద్దం వెనక కూడా ఆ గీత పచ్చగా, పసుపు పచ్చగా కనిపిస్తోంది.

ఆ షాపులో ఒక కట్టడి ఉంది. కొత్త పుస్తకానికి మొదటి కుట్టు శ్యాంసుందర్ భార్య కళావతి వేయాలి. పైనున్న ఇంట్లోంచి తలస్నానం చేసి దిగి వస్తుంది. దేవుని అలమరలో ఉండే పసుపు దారం ఉండ తీసి, తడి పసుపు మరోసారి అద్ది, పీట మీద కూర్చుని మొదటి సంచిక నట్టనడుమ నాలుగు పోగులు దించుతుంది. ఆ తర్వాతే తెల్లదారం సమ్మమ్మ చేతికి వస్తుంది. మొగుడు పోయిన మనిషి చేత్తో బోణీ అయితే గిరాకీ నిలవదని శ్యాంసుందర్ తండ్రి కాలం నుంచి నమ్మకం. పుస్తకమంతా కుట్టేది సమ్మమ్మ. మొదలుపెట్టే అర్హత మాత్రం ఆమెకు లేదు.

పోయినేడు ఆ ఉండ జారి గచ్చు మీద దొర్లితే సమ్మమ్మ వంగి తీసి ఇచ్చింది. శ్యాంసుందర్ ఆమె చేతిలోంచి లాక్కుని ఉండను మోరీలో పారేశాడు. కొత్త దారం ఖర్చు ఆమె కూలిలోంచే కోసుకున్నాడు. అప్పుడూ ఎల్లస్వామి అట్టలే సవరించాడు.

"సేటూ," అంది ఆమె. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఈ పుస్తకానికి కళక్క మొదటి కుట్టు ఏసిన నాడు మనమందరం ఈడనే ఉన్నం. ఎలుగుబంటి పొట్ట మీద పసుపు కారిందని అక్క కొంగుతోని అద్దింది. పోదు తియ్, లోపలి మడతల ఎవరు సూస్తరని నువ్వే అన్నవ్. యాదికున్నదా?"

ప్రేమలత ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుని వేళ్లతో బొమ్మను పెద్దది చేసింది. పచ్చ గీత పక్కనే తుడిచిన మరక కూడా తేలింది.

"అంటే?" అంది ప్రేమలత.

"అంటే నేను పిన్ను పీకినప్పుడు బొమ్మ పోలేదు మేడం. అక్క కుట్టు ఏసినప్పుడు బొమ్మ అండ్లనే ఉండె. ఆ కుట్టు బొమ్మ మీదికెల్లే దిగింది. నేను తతిమ్మా అంతా కుట్టి, అప్పజెప్పి, జాతరకు వొయిన. వచ్చేసరికి పుస్తకానికి అట్ట వడ్డది. నా కుట్టు ఇప్పి బొమ్మలు తీసి మళ్ల కుట్టింది నేను లేనప్పుడు." ఆమె టీచరమ్మ ఒళ్లోని పుస్తకాన్ని చూపించింది. "మొదటి సంచిక తెరువుండ్రి. పసుపు కుట్టు ఉందా లేదా?"

ప్రేమలత తెరిచింది. ఉంది. ఎలుగుబంటి ఉండాల్సిన చోట అచ్చు కథ ఉన్న మామూలు పేజీ నడుమ, నాలుగు పోగుల పసుపు కుట్టు నిగనిగలాడుతోంది.

"ఆ ఉండను నేను ముట్టుకుంటేనే మోరీల పారేసిండ్రు. గసొంటిది నేను పసుపు కుట్టు ఏసిన్నా? దొంగతనం జేసినోడు గూడ బోణీ మంచిగుండాలె అనుకున్నడు మేడం. ఇప్పిన పుస్తకాన్ని మళ్ల శకునం జూసి కుట్టిండ్రు."

బయట గల్లీలో గ్యాస్ బండివాడి పాట వచ్చి పోయింది. శ్యాంసుందర్ ముందు నవ్వాడు. తర్వాత ఉండ దొంగిలించి ఉంటావన్నాడు. దేవుని అలమర తాళంచెవి ఎవరి నడుముకు ఉంటుందని సమ్మమ్మ అడిగింది. నవ్వు ఆగింది.

తాళంచెవి నడుముకున్న మనిషి మెట్ల గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఎప్పుడు దిగి వచ్చిందో ఎవరూ చూడలేదు. కళావతి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మొదటి కుట్టు వేసేటప్పుడు తప్ప షాపులోకి రాదు. సమ్మమ్మతో కొంచెం చనువుంది గాని, అదీ భర్త బయటికి పోయినప్పుడే.

"అమ్మా, మీరే చెప్పండ్రి," అంది ప్రేమలత. "రెండోసారి కుట్టు వేసిండ్రా?"

కళావతి భర్త వైపు చూసింది.

"ఏం రెండోసారి? ఒక్కటేసారి ఏసింది," అన్నాడు శ్యాంసుందర్. "దానికెందుకు భయపడ్తానవ్? పుస్తెల మీద చెయ్యేసి చెప్పు. ఒక్కసారే ఏసిన్నని చెప్పు, పీడ వోతది."

ఆ మాట అనడమే ఆయన చేసిన పొరపాటు. ఇంకే ఒట్టు అడిగినా కళావతి వేసేదేమో. ఆమె చేయి కొంగు కిందికి పోయి పుస్తెలు పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది. పుస్తెల మీద అబద్ధపు ఒట్టు ఎవరికి తగులుతుందో చిన్నప్పటి నుంచి విన్నది.

"ఎలుక దారం కొరికింది అన్నరు," అంది చివరికి, నేల చూస్తూ. "మళ్ల బోణీ చెయ్యాలె, దారం తే అన్నరు. అట్లనే తెచ్చిన. బొమ్మల సంగతి నాకు తెల్వదు."

"ఎవరన్నరు?" ప్రేమలత లేచి నిలబడింది. "నేను ఇక్కడికెల్లి సీదా స్టేషన్‌కే పోత. కంప్లైంట్‌ల పేరు రాయాలె. ఎవరన్నరు?"

కళావతి తలెత్తి సమ్మమ్మను చూసింది. ఆ చూపు సమ్మమ్మకు తెలుసు. ఇంటింటి సర్వే వాళ్లు వచ్చి యజమాని పేరేమిటని అడిగినప్పుడు కూడా ఇట్లాగే చూసింది. మొగని పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని ఆమె ఎన్నడూ ఆ పేరు అనలేదు. బిడ్డ పేరు మీద శ్రావణి నాయిన అంటుంది, లేకుంటే మా ఇంటాయన. ఆ రోజు సమ్మమ్మే అందుకుని పేరు చెప్పింది. విధవ నోటికి ఆ భయం లేదు మరి.

ఈసారి కూడా నువ్వే చెప్పు అంటున్నాయి ఆ కండ్లు.

సమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. "నేను చెప్ప అక్కా. నేను చెప్తె దొంగ నోటి మాటంటరు. బోణీకి పనికొచ్చిన నోరు నీది. నువ్వే చెప్పాలె."

శ్యాంసుందర్ రెండడుగులు ముందుకు వేసి భార్యకూ టీచరమ్మకూ నడుమ నిలబడ్డాడు. గొంతు తగ్గించి, ముద్దు చేస్తున్నట్టు మాట్లాడాడు. "ఎల్లస్వామి తెచ్చిండు గదా పుస్తకం పైకి. జాతరప్పుడు షాపుల ఉన్నది వాడొక్కడే. ఎలుక ముచ్చట జెప్పింది వాడే. ఎల్లస్వామి అని చెప్పు."

ఎల్లస్వామి చేతిలోని అట్ట జారి గచ్చు మీద పడింది. అతను దాన్ని తీయడానికి వంగలేదు. ఇంతసేపూ కిందికే ఉన్న తల లేచి, నోరు సగం తెరుచుకుని ఉండిపోయింది. ఆ మొహం చూసి సమ్మమ్మకు కోపం రాలేదు, జాలీ కలగలేదు. ఇప్పుడు తెలిసిందా అన్నట్టు చూసింది, అంతే.

"చెప్పు," అన్నాడు శ్యాంసుందర్. ఈసారి గొంతులో ముద్దు లేదు. "ఎల్లస్వామి అను."

కళావతి ఆయనను దాటి చూడలేదు. ఆయన మొహంలోకే చూసింది, ఎన్నడూ అంతసేపు చూడనట్టు. పుస్తెలు పట్టుకున్న పిడికిలి మెల్లగా విప్పుకుంది. అరచేతిలో నిన్నటి బోణీ పసుపు ఇంకా పోలేదు.

"ఎల్లన్న కాదు," అంది. ఆగింది. ఊపిరి తీసుకుంది.

"శ్యాంసుందర్."