అత్తగారు వద్దన్న సీసాలు

ఊరికే ఇస్తానన్న సీసాలను మా అత్తగారు వద్దన్నారు. ఈ మాట వీధిలో ఎవరితో చెప్పినా నమ్మలేదు. ఆవిడ ప్లాస్టిక్ కవర్లను ఉతికి, తీగ మీద ఆరేసి, మడతపెట్టి దాచే మనిషి. అరిగిపోయిన సబ్బు బిళ్లను కొత్త సబ్బుకు అతికించి వాడే మనిషి. అలాంటావిడ శుభ్రమైన గాజు సీసాలు, కొత్త మూతలతో సహా, గుమ్మం దాకా వస్తామంటే వద్దనడమేమిటి? నాకు ఆ పూట తిండి సహించలేదు. ఏదైనా అర్థం కాకపోతే నాకంతే, అది తేలేదాకా వదలను. మా ఆయన దీన్ని రోగమంటారు.

ఏటా టమాటాలు చవగ్గా దొరికే రోజుల్లో గుజ్జు వండి, నిమ్మరసం పిండి, సీసాల్లో పోసి, ఆ సీసాలను మళ్లీ నీళ్లలో మరిగించి ఏడాదికి దాచుకుంటాం. టమాటాలతో ఎప్పుడో గానీ ఇబ్బంది రాదు, వచ్చిన చిక్కల్లా సీసాలతోనే. కొత్తవి కొంటే లోపలి సరుకు కంటే బయటి గాజుకే ఎక్కువ డబ్బు పోయాలి. అందుకని ఏడాది పొడుగునా నేను సీసాల వేటలో ఉంటాను. పక్కింటివాళ్ల కాఫీ పొడి ఎప్పుడు అయిపోతుందో వాళ్ల కంటే నాకే ముందు తెలుస్తుంది. తేనె సీసా అడుగంటుతుంటే సిగ్గు విడిచి అడిగేస్తాను. తీరా అన్నీ పోగయ్యాక చూస్తే ఒక్కోదానికి ఒక్కో మూతి. ఏ మూత దేనికి సరిపోతుందోనని పెళ్లి సంబంధాలు చూసినట్టు చూడాలి. సరిపోయిందనుకున్న మూతకు లోపలి రబ్బరు అరిగిపోయి ఉంటుంది. అదీ దండగే.

అటువంటిది, వీధి చివరి బేకరీ ఆయన పిలిచి మరీ చెప్పాడు. కేకుల్లోకి పళ్ల గుజ్జు ఇన్నాళ్లూ సీసాల్లో తెప్పించేవాడట, ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తోందట. అటక నిండా ఖాళీ సీసాలు, అన్నీ ఒకే కొలత. పైగా సీలు విప్పని మూతల పెట్టె ఒకటి.

"పట్టుకుపోండమ్మా. అటక ఖాళీ అయితే అదే నాకు పదివేలు," అన్నాడు.

నేను ఎగురుకుంటూ ఇంటికి వచ్చి చెబితే, అత్తగారు చిక్కుడుకాయలు వలుస్తూ తల కూడా ఎత్తలేదు.

"వద్దమ్మాయ్. ఆ మూతలు మనకొద్దు. ఈసారి క్లిప్పు సీసాలు కొందాం."

క్లిప్పు సీసాలంటే గాజు మూత, దాని కింద రబ్బరు రింగు, పైన బిగించే ఇనప తీగ ఉండేవి. చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ పాత సామాన్ల కొట్టులో కూడా ధర వింటే కళ్లు తిరుగుతాయి. రబ్బరు రింగులు ప్రతి ఏడూ కొత్తవి కొనాలి. సబ్బు బిళ్ల అతికించే చేతికి ఇంత ధారాళం ఎక్కణ్నుంచి వచ్చింది?

నేను ఊరుకునే రకం కాదు. ముందు బేకరీ ఆయన్ని అడిగాను, మా అత్తగారికీ ఆయనకీ ఎప్పుడైనా మాటా మాటా వచ్చిందా అని. ఆయన నొచ్చుకున్నాడు. పోయిన వారమే ఆవిడ వచ్చి మిగిలిపోయిన బ్రెడ్డు సగం ధరకు బేరమాడి పట్టుకెళ్లారట. అంటే ఇద్దరి మధ్యా అంతా సవ్యంగానే ఉంది. రేకు మూతలతో రోగాలొస్తాయని ఎవరైనా చెవిలో ఊదారేమోనని మా ఆయన్ని ఆరా తీయమన్నాను.

"అమ్మ చెవిలో ఎవరేం ఊదినా లోపలికి వెళ్తుందా?" అని నవ్వి పేపర్లో తల దూర్చారు.

ఆఖరికి ఆవిడనే నిలదీశాను. "అత్తయ్యా, ఆ మూతలతో ఏంటి మీకు గొడవ? ఇన్నేళ్లూ వాటితోనే పెట్టాం కదా?"

"పెట్టాం. ఇంక చాలు."

"ఎందుకు చాలు?"

"నువ్వు పోలీసువా?"

సంభాషణ అక్కడితో సరి. ఆవిడ చిక్కుళ్లు ఆవిడవి, నా తిప్పలు నావి.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. రేకు మూత నడుమ కొంచెం ఉబ్బుగా ఉంటుంది. మరిగిన సీసాను బయట పెట్టాక, చల్లారుతున్నకొద్దీ లోపలి గాలి ముడుచుకుని ఆ ఉబ్బును కిందికి లాగేస్తుంది. అప్పుడు 'టక్' మని సన్నటి చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే సీసా గట్టిగా మూసుకుందని అర్థం. చల్లారాక మూత మీద వేలితో నొక్కి చూసినా తెలుస్తుంది, లోకమంతా అలాగే చూసుకుంటుంది. మా ఇంట్లో మాత్రం వింటారు. సీసాలు బల్ల మీద తువ్వాలు పరిచి పెట్టగానే ఫ్యాన్లు ఆపేస్తాం, ఫ్రిజ్ కూడా ఆపేస్తాం. చుట్టూ కూర్చుని ఊపిరి బిగబడతాం. 'టక్' మంటుంది. అత్తగారు "పడింది" అంటారు. ఆవిడ అంటేనే పడినట్టు. ఏ సీసానో కూడా వేలు పెట్టి చూపించేవారు. అన్ని పిలుపులూ అయ్యాకే ఎవరైనా లేవాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇదేం చోద్యమని నవ్వుకున్నాను కానీ, రెండో ఏటికి నేనూ చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. పోయినేడు టమాటా ధర మండిపోయి అసలు పెట్టనే లేదు.

క్లిప్పు సీసాలకు ఈ చప్పుడుండదు. తీగ విప్పి, గాజు మూత పట్టుకుని పైకి లేపితే సీసా ఊడకుండా వస్తే సరే. అంతే. అంత బాగా నడిచిన పద్ధతిని ఈవిడే ఎందుకు మానేస్తున్నట్టు? ఇదే నాకు కొరుకుడు పడలేదు.

చివరికి జరిగిందేమిటంటే, పాత సామాన్ల కొట్టులోని క్లిప్పు సీసాల్లో సగానికి పైగా మూతుల దగ్గర బీటలున్నాయి. ఇటు టమాటాలు వచ్చేశాయి, వంటింట్లో పెట్టెల నిండా పండి మెత్తబడుతున్నాయి. రెండు రోజులాగితే పారబోయడమే. నేను ఎవర్నీ అడక్కుండా రెండు సంచులు పట్టుకుని బేకరీకి వెళ్లి పట్టినన్ని సీసాలు, మూతల పెట్టె మోసుకొచ్చాను. బల్ల మీద దింపుతుంటే అత్తగారు చూశారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"తెచ్చేశావా?" అన్నారు. "సరే, తెచ్చాక ఇంకేం చేస్తాం."

ఆ గొంతు వింటే నాకు గెలిచినట్టు అనిపించలేదు.

మర్నాడు మా ఆడపడుచు కూడా వచ్చింది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. ఎవరికేం కావాలో వాళ్లకంటే ముందే తనకు తెలుసనుకుంటుంది, చాలాసార్లు నిజంగానే తెలుస్తుంది. అత్తగారు పొయ్యి దగ్గర, నేను తరగడం, ఆడపడుచు వడగట్టడం, మా ఆయన మరుగుతున్న గిన్నెలోంచి పట్టకారుతో సీసాలు తీసి బల్ల మీద పెట్టడం. మొదటి విడత అయింది. ఫ్యాన్లు ఆపారు, ఫ్రిజ్ ఆపారు, బల్ల చుట్టూ కూర్చున్నాం.

'టక్'.

ఒక్క క్షణం గడిచింది. "పడింది," అన్నారు అత్తగారు.

ఆ చిన్న ఆలస్యం నాకు తట్టింది. పూర్వం చప్పుడూ ఆవిడ మాటా కలిసే వచ్చేవి. సరే, వయసు అనుకున్నాను. రెండోది పడింది. మళ్లీ అదే జాప్యం. ఏ సీసానో వేలు పెట్టి చూపించడం కూడా లేదు. అప్పుడు ఆవిడ కూర్చున్న తీరు చూశాను. ఎప్పుడూ సీసాల మీదికి వంగి కూర్చునే మనిషి, కుర్చీ వెనక్కి లాక్కుని మాకు ఎదురుగా కూర్చున్నారు. కళ్లు సీసాల మీద లేవు. మా ఆడపడుచు ముఖం మీద ఉన్నాయి, అక్కణ్నుంచి నా ముఖం మీదికి, మళ్లీ అక్కడికి. మూడోది పడినప్పుడు ఆడపడుచు కనుబొమలు కాస్త లేచాయి. "పడింది."

ఇంతకాలం వంటింట్లో కుళాయి టపటపా కారుతున్నా ఆవిడ నన్ను దెప్పకపోతే, మెత్తబడ్డారు పాపం అనుకున్నాను.

ఇక్కడే నా రోగం నా కొంప ముంచింది. తెలిసిపోయింది కదా, ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. అంతా నిశ్శబ్దంగా ఉన్న సమయం చూసి, ఏ చప్పుడూ లేకుండానే కనుబొమలు ఎగరేశాను.

"పడింది," అన్నారు అత్తగారు.

మా ఆయన అటూ ఇటూ చూశారు. "ఏదీ? నాకు వినపడలేదే?"

ఆడపడుచు ముందుకు వంగింది. ఆస్పత్రిలో రోగుల్ని చూసే చూపు అది. "అమ్మా, అసలు నీకు వినపడుతోందా?"

అత్తగారు కుర్చీలో వెనక్కి జరిగారు. ఒళ్లో రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆ ముఖంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఇన్ని రోజులుగా ఆవిడ దేన్నుంచి తప్పించుకు తిరుగుతున్నారో, దాన్ని నేనే తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"పడింది వదినా," అన్నాను. "నాకూ వినపడింది. ఇటు కిటికీ వైపుది. మీరిద్దరూ కబుర్లలో ఉన్నారు."

"మేమెక్కడ మాట్లాడాం?" అన్నారు మా ఆయన.

"గుసగుసలాడుతున్నారుగా. ఉష్, వినండి."

ఎలాగో గట్టెక్కింది. సీసాలెన్నో పిలుపులూ అన్నే అయ్యాయి, అందరూ లేచారు. మా ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నారు. ఆడపడుచు మిగిలిన టమాటాలు కడగడానికి పెరట్లోకి వెళ్లింది, ఆయన పెట్టె మోసుకుని ఆవిడ వెంట వెళ్లారు. అత్తగారు రెండో విడతకు పొయ్యి వెలిగించి, నాకు వీపు పెట్టి గరిటె తిప్పుతున్నారు.

వెనకాల బల్ల మీద ఆఖరి సీసా 'టక్' మంది.

ఆవిడ తిరగలేదు. గరిటె ఆగలేదు. నేను కదలకుండా నిలబడిపోయాను. కాసేపటికి ఉప్పు కోసం ఇటు తిరిగి, నా ముఖం చూసి, అలాగే ఉండిపోయారు.

"ఇప్పుడు పడిందా?"

తలూపాను.

"అనుకున్నాను. ఇందాక ఒకటి పడకుండానే లెక్కలో చేరింది. నువ్వు కావాలనే చేశావు కదూ?"

"తప్పయిపోయింది అత్తయ్యా."

"మాటలు బాగానే వినపడుతున్నాయమ్మాయ్. సన్నటివే అందట్లేదు. కుళాయి, కుక్కరు, ఇవీ." బల్ల వైపు చూపించారు. "క్లిప్పు సీసాలైతే చేత్తో చూసుకునేవి. ఎవరికీ తెలిసేది కాదు."

"తెలిస్తే ఏమవుతుంది? డాక్టరు దగ్గరికి వెళ్దాం. మిషను పెడతారు."

"ఏమవుతుందో నాకు తెలుసు." ఆవిడ గరిటెను గిన్నె అంచుకు కొట్టారు. "మా అత్తగారికి వినపడట్లేదని తెలిసిన రోజే నేను కుర్చీ తెచ్చి వసారాలో వేశాను. మీరింక కష్టపడకండి, మేం చూసుకుంటాం అన్నాను. ప్రేమతోనే అన్నాను, ఒట్టు. ఆవిడ ఆ కుర్చీలోంచి మళ్లీ వంటింట్లోకి రాలేదు. రోజూ అక్కణ్నుంచే అడిగేది, ఏం వండుతున్నారని. నేను చెప్పేదాన్ని. అంతే, ఇంకేం లేదు ఆవిడకి."

చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను. అంతలో ఆడపడుచు కడిగిన టమాటాల బుట్టతో లోపలికి వచ్చింది, వెనకే మా ఆయన.

"ఏంటి అత్తాకోడళ్లు రహస్యాలు?"

అత్తగారు నా వంక చూశారు. నేను నోరు విప్పలేదు. చెప్పాలో వద్దో ఆవిడ ఇష్టం. ఆవిడ గరిటె వదలకుండానే కూతురి వైపు తిరిగారు.

"రహస్యం లేదు, ఏం లేదు. నాకు చెవులు సరిగ్గా పనిచేయట్లేదు. ఇందాక మీ ముఖాలు చూసి చెప్పాను."

మా ఆయన నోరు తెరిచారు. ఆడపడుచు బుట్ట కింద పెట్టేసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎన్నాళ్ల నుంచమ్మా? ఎవరికీ చెప్పకుండా ఇంత వేడిలో నిలబడి చేస్తున్నావా? ఇలా రా, ముందు ఇలా కూర్చో," అంటూ గోడ వారనున్న కుర్చీని బరబరా లాక్కొచ్చి పొయ్యికి దూరంగా గుమ్మం పక్కన వేసింది. "మేం చూసుకుంటాం. నువ్వింక కష్టపడకు."

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. నేను గబగబా వెళ్లి ఆ కుర్చీలో కూలబడ్డాను.

"అమ్మయ్య," అన్నాను. "పొద్దుట్నుంచి కాళ్లు పీకేస్తున్నాయి."

"నీకు కాదు వదినా!"

"వేసింది ఒక్కటే కుర్చీ, నేను కూర్చున్నాను. చెవుల డాక్టరు దగ్గరికి రేపు నేనే తీసుకెళ్తాను. ఈ పూట నన్ను లేపకండి."

మా ఆయన నన్నూ వాళ్లమ్మనూ మార్చి మార్చి చూశారు. ఏం అర్థమైందో ఏమో, వెళ్లి ఖాళీ సీసాలు మరిగే నీళ్లలోకి దింపడం మొదలుపెట్టారు. అత్తగారు నా వంక చాలాసేపు చూశారు. తర్వాత పొయ్యి వైపు తిరిగారు.

"ఏంటలా నిలబడ్డావు?" అన్నారు కూతురితో. "ఉప్పందుకో. అడుగంటుతోంది."

ఆడపడుచు కళ్లు తుడుచుకుని ఉప్పు డబ్బా అందించింది. నేను కుర్చీలోంచి ఆ పూటంతా లేవలేదు.