మనిషి చెయ్యి తగలని జాబితా

బాలసుబ్రహ్మణ్యంతో ఇరవై ఏడేళ్ళు కాపురం చేశాక లలితాంబ తేల్చుకున్నదేమిటంటే, ఆయనకు కొబ్బరిపచ్చడి రుచి తెలుసు గానీ ఇంట్లో కొబ్బరి కోరాం ఎక్కడుంటుందో తెలియదు. జగ్గయ్యపేటలో లెక్కల మేష్టారు. పందొమ్మిదో ఎక్కం వెనకనుంచి అప్పజెప్పగలడు, తన తువ్వాలు మటుకు భార్య తెచ్చి చేతిలో పెడితే తప్ప కనపడదు. ఆ బుధవారం కూడా ఆమె ఒక చేత్తో టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ రెండో చేత్తో తువ్వాలు అందిస్తుంటే, ఆయన తీరిగ్గా మొదలుపెట్టాడు.

"ఇవాళ్టి నుంచి మీ ఆఫీసులో కంప్యూటరే అన్నీ చేసుకుంటుందటగా. అందులో చూసి ఇందులో ఎక్కించటమేగా నీ ఉద్యోగం. ఇంక నీకేం పని?"

"మీకు తువ్వాలు అందించే కంప్యూటరు వచ్చేదాకా నాకు పనికి లోటు లేదు లెండి," అని చెప్పులేసుకుంది.

నలభై తొమ్మిదేళ్ళ మనిషి. ఎప్పుడూ సంచీ తగిలించి తగిలించి ఎడమ భుజం కాస్త దిగింది. కుడి చూపుడువేలి చివర కాయ కాసింది. నాలుగేళ్ళుగా ఆ ఒక్క వేలితోనే టైపు కొడుతోంది. చిల్లకల్లు మీదుగా నందిగామ వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, రోడ్డు వెంట పత్తి చేలు, సిమెంటు లారీలు, వాటి దుమ్ము. ఇంటికి వెళ్ళేసరికి జుట్టు ఇంకో రెండేళ్ళు ముదిరినట్టు కనిపిస్తుంది.

నందిగామ బస్టాండుకు ఎదురు సందులో, మేడమీద, భవానీప్రసాద్ గారి పెళ్ళి సంబంధాల బ్యూరో. అబ్బాయిల వాళ్ళూ అమ్మాయిల వాళ్ళూ నెట్ సెంటర్ల నుంచి వివరాలు మెయిలు చేస్తారు. లలితాంబ వాటిని చదివి ఎక్సెల్ షీటులో పేరు, నక్షత్రం, ఎత్తు, చదువు, ఉద్యోగం అని గళ్ళల్లో ఎక్కిస్తుంది. ప్రతి బుధవారం పదకొండింటికి ఆ షీటు సభ్యులందరికీ మెయిల్లో వెళుతుంది.

చెప్పుకోవటానికి ఇంతే. కానీ జనం గళ్ళు చూసుకుని రాయరుగా. 'ఎత్తు అయిదూ రెండు, మోకాలి నొప్పి సంగతి మనలో మనమాట' అంటారు. 'ఉద్యోగం ప్రైవేటు, ప్రస్తుతానికి లేదు, మీకు తెలిసుంటే చాలు' అంటారు. లలితాంబ ఎత్తు ఎక్కిస్తుంది, నొప్పి మనసులో పెట్టుకుంటుంది. మాటలు ముందుకు సాగాయనగానే ఫోను చేసి, "ఆ సంగతి ఇవాళే మీ నోటితో చెప్పెయ్యండి, దాస్తే నేనూరుకోను," అంటుంది. అలా అరవైమూడు పెళ్ళిళ్ళయ్యాయి.

ఆ పట్టుదలకో కారణముంది. ఆమె ఇంటర్లో ఒకసారి తప్పింది. ఆ ముక్క మెల్లిగా మేమే చెబుతామని తండ్రి పెళ్ళిళ్ళ పేరయ్య చెవిలో వేస్తే, అతగాడు దాన్ని పెళ్ళి పంక్తిలో గారెలతో పాటు వడ్డించాడు. తర్వాత ఆమె ప్రైవేటుగా కట్టి బి.ఏ. పాసయినా, అత్తగారు పోయేదాకా 'ఇంటర్ తప్పిన కోడలే' అన్నారు.

ఆమె వెళ్ళేసరికి మానిటరుకు కుంకుమబొట్టు, కీబోర్డు మీద కొబ్బరి పీచు. భవానీప్రసాద్ ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కాలో పెళ్ళిపెద్దలా ఉన్నాడు. ఇంజనీరింగు పూర్తిచేసిన ఆయన కూతురు సింధూర రాసిన ప్రోగ్రాం, నాలుగేళ్ళ మెయిళ్ళన్నిటినీ అరగంటలో షీటులోకి లాగేసింది. 'మనిషి చెయ్యి తగలకుండా తయారైన జాబితా' అని ఆయన ఊరంతా కరపత్రాలు కూడా పంచాడు.

"చూశారా లలితాంబగారూ! రెండొందల పన్నెండు పేర్లు. పదకొండు కొట్టగానే పంపేద్దాం."

ఆమె కళ్ళజోడు సర్దుకుని వంగింది. ముప్ఫై ఏడో వరసలో చందర్లపాడు అమ్మాయి వాగ్దేవి. టీచరు. చివరి గడిలో ఆ అమ్మాయి మాటలు మాటలుగానే ఉన్నాయి: 'చిన్నప్పుడు నాకు ఫిట్సు వచ్చేవండీ. మందులు మానేసి ఏడేళ్ళయింది. అబ్బాయి ఎదురుగా కూర్చుని నేనే చెబుతాను. దయచేసి షీటులో ఎక్కించకండి.'

ఎక్కింది. దాని కిందా పైనా కూడా, ఎవరెవరి గుట్లో, వరసలు వరసలుగా.

"ఇది పంపకూడదండీ," అంది.

"అబద్ధాలేమన్నా ఉన్నాయా?"

"లేవు. అందుకే పంపకూడదు."

"ఎక్కించొద్దు అన్నవాటిని వదిలెయ్యమని దానికి చెబుతానాంటీ," అంది కీబోర్డు ముందు కూర్చున్న సింధూర.

"ఒకళ్ళు ఎక్కించొద్దంటారు, ఒకళ్ళు మనలో మనమాటంటారు, ఇంకొకళ్ళు దణ్ణమని రాసి ఊరుకుంటారు. దేన్నని చెబుతావమ్మా?"

"ఇవన్నీ ఇప్పుడు చదువుతూ కూర్చుంటే సాయంత్రమవుద్ది," అన్నాడు భవానీప్రసాద్. "జనానికి పదకొండని మాటిచ్చా. ఈ ఒక్కసారికి పోనివ్వండి. అంతా ఎవరు చదువుతారండీ?"

"పెళ్ళి సంబంధం కాయితాన్ని పరీక్ష పేపరుకన్నా శ్రద్ధగా చదువుతారు మనవాళ్ళు."

గోడ గడియారంలో పదకొండుకు అయిదు నిమిషాలుంది. ఆయన మౌసు మీద చెయ్యేశాడు. లలితాంబ గోడ దగ్గరికి నడిచి, ఇంటర్నెట్టు వచ్చే ఫోను తీగని సాకెట్లోంచి పీకి, చుట్ట చుట్టి, సంచీలో వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏంటండీ ఇది, చిన్నపిల్లలాగా!"

"మీరు పెద్దవాళ్ళలాగా ఉంటే నాకీ అవస్థ ఉండేది కాదు."

"రేపట్నుంచి రావద్దు మీరు!"

"రేపు కదా. ఇవాళ జీతం తీసుకుంటున్నా, ఇవాళ్టి పని చేస్తున్నా. ఇది వెళ్ళదు."

సింధూర ఇదేమీ పట్టించుకోకుండా షీటును కిందికి జరుపుకుంటూ పోతోంది, కొంప మునిగేదేమీ లేదని చూపిద్దామని. జరుపుతున్న వేలు ఒక్కచోట ఆగిపోయింది. అక్కడున్నది తన పేరే. కూతురు పక్కనుండగా నోటితో చెప్పలేక, తండ్రి ఏడాది కిందట ఇంటినుంచి లలితాంబకు పెట్టిన మెయిలు. పైకే చదివింది.

"'మా పిల్ల మొండిది. నేనంటే లెక్కలేదు. నోరులేని కుర్రాడెవరన్నా ఉంటే చూడండి. పిల్ల కంట పడకుండా చెరిపెయ్యండి.'"

లలితాంబ గోడమీది క్యాలెండరులో ఏకాదశి ఎప్పుడొచ్చిందో చాలా శ్రద్ధగా వెతికింది.

"నోరులేని కుర్రాడా, నాన్నా?" అంది సింధూర.

ఆయన గొంతు సవరించుకుని, ఏదో పనున్నట్టు మెట్లు దిగిపోయాడు. మళ్ళీ పైకి రాలేదు.

ఆడవాళ్ళిద్దరూ డబ్బాలోని పెరుగన్నం చెరిసగం తిని, సాయంత్రం దాకా రెండొందల పన్నెండూ చదివారు. వాగ్దేవి వరసను 'టీచరు' అన్నమాట దగ్గరే ఆపారు. అయిదింటికి లలితాంబ తీగ తగిలించింది. శుభ్రపడిన జాబితా వెళ్ళింది.

"నీ ప్రోగ్రాం మంచిదేనమ్మా. నా వేలికి విశ్రాంతి. ఎక్కించటం అది చేస్తుంది, చదవటం మటుకు నువ్వు చెయ్యి," అని తన దగ్గరుండే ఆఫీసు తాళంచెవి సింధూర చేతిలో పెట్టి, బస్టాండుకు నడిచింది.

జగ్గయ్యపేట బస్సు కదలబోతుండగా భవానీప్రసాద్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా వెనకంతా చెమట. కిటికీ ఊచలు పట్టుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"లలితాంబగారూ... తప్పు నాదేనండీ."

"ఇంజను చప్పుడు. వినపళ్ళేదు."

"తప్పు నాదేనండీ!"

"ఆఁ?"

"తప్పు నాది! పంపకూడదు! మీరన్నదే రైటు! రేపు రండి!" అని అరిచాడు. బస్సంతా తిరిగి చూసింది. జామకాయల బుట్ట పక్కన కూర్చున్న ముసలామె తలూపి ఆమోదించింది కూడా.

లలితాంబ కండక్టరుకేసి తిరిగింది. "రైట్ చెప్పవయ్యా, పొద్దుపోతోంది."

బస్సు హైవే ఎక్కింది. ప్లాట్‌ఫారం అంచున, పరుగులో ఆయన కాలినుంచి ఊడిన కొత్త తోలుచెప్పు ఒకటి వెల్లకిలా పడి ఉంది.