ఆపే బటన్

కరెంటు పోతేనే నేను రికార్డు చేసుకోగలను. మా ముందుగదిలో ఆరు సాంచలు ఉన్నాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అనే అంటాం. అవి ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట వినబడదు. సోమవారం కరెంటు కోతలో మోత ఆగగానే పొయ్యి మీది పప్పు దించి, బయటి చప్పుడు పడకుండా బొంత కప్పుకుని, మేం నేసే చీరల్లో మిగిలినవాటి వివరాలు ఫోన్‌లోకి చదివాను. రంగు, అంచు, ఉతికే పద్ధతి. ఇరవై రెండు చీరలకు నాలుగు కోతలు పట్టాయి.

ఆ చీరలు అమ్మే వెబ్‌సైట్ కూడా నేనే తయారు చేశాను. పెళ్లికి ముందు కరీంనగర్‌లో రెండేళ్లు చేసిన పని అదే. మా ఆయన వెంకటేశ్ ఇంట్లో దాన్ని ఫోన్ గెలుకుడు అంటాడు, బయట మా వెబ్‌సైట్ అంటాడు. శుక్రవారం నేత సంఘం వాళ్లకు అతనే చూపించాలి.

మంగళవారం పేజీ తెరిచి చూశాడు.

"సప్పుడు లేదేంది?"

బటన్ నొక్కితే నా గొంతు వస్తుందన్నాను.

"తెర్వంగనే సాంచల మోత రావాలె. మోత లేకుంటే పని బందైందనుకుంటరు."

ఇక్కడ సాంచ ఆగిన ఇంటికి పిల్లనివ్వడానికి కూడా ఆలోచిస్తారు. చూపు లేనివాళ్లకు ఫోనే తెర మీది అక్షరాలు చదివి వినిపిస్తుందని, మోత పెడితే ఆ చదువు మునిగిపోతుందని చెప్పాను. గుడ్డోళ్లు చీరలు కొంటరా అన్నాడు. ఆపే బటన్ తీసేయమన్నాడు. నా గొంతు కూడా తీసేయమన్నాడు. కోడలి గొంతు ఊరందరి ఫోన్లలో ఎందుకని మా మామ రాజం అన్నాడట. మామకు చెవులు వినబడక పదేళ్లయింది.

అన్నీ తీసేశాను. మోత పెట్టాను.

గురువారం కోతలో అత్తమ్మ కనకవ్వ వంటింట్లో అన్నం తింటోంది. ముందుగదిలో వెంకటేశ్ పేజీ తెరిచాడు. మోతలో వినబడాలని మా ఇంట్లో ఫోన్ల సౌండు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అత్తమ్మ పళ్లెం వదిలి, చెయ్యి కడుక్కుని, గోడ పట్టుకుంటూ వెళ్లి కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చుంది. ఆమెకు చూపు మసక, ఫోనే చదివి వినిపించాలి.

వెంకటేశ్ నవ్వాడు. "కరెంట్ రాలేదవ్వా. ఫోన్లకెల్లి వస్తున్న మోత అది."

అత్తమ్మ నవ్వలేదు. తన ఫోన్ నా చేతికిచ్చి పేజీ తెరిపించుకుంది. చీర పేరు చదవడం మొదలుపెట్టిన ఫోన్ గొంతు మోతలో మునిగిపోయింది.

"నలభై ఏండ్లసంది గీ మోతకే ముద్ద ఇడిసి లేస్తున్న. దీన్ని ఆపుడెట్ల బిడ్డా?"

ఆపడానికి ఏమీ లేదు. నేనే తీసేశాను.

ల్యాప్‌టాప్ తెచ్చి అక్కడే కూర్చున్నాను. మోత తీసేశాను. ఇరవై రెండు రికార్డింగులు తిరిగి పెట్టాను. ఒక్కోదానికి వినే బటన్, ఆపే బటన్, మామలాంటి వాళ్లు చదువుకోవడానికి కింద అవే మాటలు.

"రేపు సంఘపోళ్లు అడిగితే ఏం జెప్పాలె?" అన్నాడు వెంకటేశ్.

"నేనొచ్చి జెప్త."

పేజీ చివర ఒక వరుస చేర్చాను. 'తయారీ, గొంతు: మమతారాణి.'

అతను వంగి చదివాడు. అప్పుడే కరెంటు వచ్చింది. ఆరు సాంచలూ మొదలయ్యాయి. వెంకటేశ్ ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. ఏమన్నావని అడగలేదు.