మనిషి తరుగు

గది హీటర్లను పరీక్షించే ఆ ప్రయోగశాలలో మావయ్యది ఒకటే పని. తలుపులు బిగించిన గదిలో హీటరు వెలిగించి, పక్కనే కుర్చీ వేసుకుని, గోడల థర్మామీటర్లు చూస్తూ కూర్చోవాలి. మనిషి ఒళ్లు కూడా వేడి పుట్టిస్తుంది కదా. అది హీటరు ఖాతాలో పడకూడదని చివరి లెక్కలో ఒక మనిషి వేడిని తీసేసేవారు. దాన్ని అక్కడందరూ ‘మనిషి తరుగు’ అనేవారు. మావయ్య పొట్ట చూసి, ఆ తరుగు కాస్త పెంచాలని వేళాకోళమాడేవారు కూడా.

ఆ గదిలోంచి ఆయన్ని లేపింది సొంత మేనకోడలే. ఇంజనీరుగా చేరి ఏడాది తిరక్కుండానే గోడల నిండా సెన్సర్లు బిగించి, కొలతలన్నీ కంప్యూటరుకు అప్పజెప్పింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు.

“ఇన్నాళ్లూ ఉడికింది చాల్లే అమ్మా. ఇంకా ఉంటే మాడిపోతాను” అని నవ్వి ఇంటికెళ్లాడు. పనిలేని మనిషి ఎంత తొందరగా చిక్కిపోతాడో ఆమె కళ్లారా చూసింది. వానలు పడకముందే పోయాడు.

కొత్త పద్ధతికి గుర్తింపు ఇవ్వడానికి మర్నాడు తనిఖీ అధికారి వస్తాడనగా, ఆమె ప్రోగ్రామును మళ్లీ చదువుకుంటూ ఒక లైను దగ్గర ఆగిపోయింది. మనిషి తరుగు. పాత లెక్కను ఉన్నదున్నట్టు ఎక్కించినప్పుడు తీసెయ్యడం మరిచిపోయింది.

గదిలో మనిషే లేనప్పుడు ఇన్నాళ్లూ ఫలితం ఆ మేరకు తక్కువ రావాలి. రాలేదు. సరిచూసుకోవడానికి రోజూ వెలిగించే పాత హీటరు అంకె, అదే హీటరును మావయ్య చేత్తో కొలిచిన అంకెతో అచ్చుగుద్దినట్టు సరిపోతూనే వచ్చింది. అంటే, రోజూ ఆ గదిలో ఎవరో కూర్చుంటున్నారు.

చదువుకున్న బుర్ర కనుక ముందు సెన్సర్లను అనుమానించింది. విప్పింది, మార్చింది, వైర్లన్నీ తడిమింది. అంకె కదల్లేదు. విచిత్రం, ఆమెకు భయం వెయ్యలేదు. మావయ్య ఇంకా డ్యూటీలోనే ఉన్నాడని ప్రాణం లేచొచ్చింది.

పెద్దసారుకు చూపించింది.

“ఆ లైను పీకెయ్యమ్మా. ఖాళీ గదిలో మనిషిని లెక్కేశామని తెలిస్తే రేపు గుర్తింపు గల్లంతే.”

“పీకేస్తే ఎక్కువ చూపిస్తుంది సార్.”

“ఖాళీ గదిలో ఎందుకు చూపిస్తుంది?”

ఆమె తలూపి గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంది. కుర్చీ అక్కడే ఉంది. దాని పక్కన గాలి వెచ్చగా తగిలింది.

“మావయ్యా, రేపటికి లెక్క తేలాలి. ఇంక ఇంటికెళ్లు.”

ఒకే మనిషిని ఒకే గదిలోంచి రెండుసార్లు పంపించాల్సి వచ్చినందుకు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని వచ్చి ఆ లైను కొట్టేసింది.

మర్నాడు అధికారి ముందు ఖాళీ గదిలో హీటరు వెలిగించారు. అంకె ఎక్కువ రాలేదు, తక్కువా రాలేదు. అధికారి భేష్ అన్నాడు. పెద్దసారు గుర్తింపు కాగితాలు గుండెలకు హత్తుకున్నంత పని చేశాడు.

వాళ్లు కాఫీకి వెళ్లగానే ఆమె కొట్టేసిన లైను మళ్లీ రాసింది. హీటరు వెలిగించి, గోడలు వేడెక్కి అంకె నిలకడగా ఆగేదాకా గది బయటే కూర్చుంది.

ఒక మనిషి మేర తక్కువ వచ్చింది.

సెన్సరు తప్పేమో అనుకుని మళ్లీ వేసింది. అప్పుడూ అంతే తక్కువ.