మూడు బిళ్ళలు ఎక్కువ

తుఫాను వెళ్ళిపోయాక ఊరికి మూడు ఇంజన్లు వచ్చాయి. ఇంజను పోగొట్టుకున్న పడవ మనుషులు ఇరవై నలుగురు. రేవులో లారీకి ఎక్కించినవి పన్నెండని కూలీలు కళ్ళారా చూసి చెప్పారు. దారిలో తొమ్మిదింటికి కాళ్ళొచ్చాయి కాబోలు. ఆ మాట ఎవరూ అడక్కముందే ఊరి పెద్ద, కపితాన్ ఫుల్హెన్సియో ఉపాయం పన్నాడు. "చీటీలు వేస్తే గుడ్డి అదృష్టం. పోకర్ ఆడండి. తెలివున్నవాడికి ఇంజను," అన్నాడు. మేనల్లుడు జెపోయ్ మనీలా జూదశాలలో పేకముక్కలు పంచి వచ్చినవాడు, పందెం బిళ్ళల పెట్టె ఇంట్లోనే ఉంది. అంతే. జనం తొమ్మిదింటిని మరిచిపోయి మూడింటి కోసం కూర్చున్నారు. ఆకలిగొన్నవాళ్ళ మధ్య ఆట పెట్టి చూడండి, అన్నం ఎత్తుకుపోయినవాణ్ణి వదిలేసి పక్కవాడి గొంతు పట్టుకుంటారు. కపితాన్‌కు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు.

బాస్కెట్‌బాల్ ఆడే రేకుల షెడ్డులో పొద్దున మొదలైన ఆట మధ్యాహ్నానికి నలుగురి దగ్గరికి వచ్చింది. ఇంకొక్కడు పోతే మిగతా ముగ్గురికీ ఇంజన్లు. ఆ ఒక్కడు తనేనేమోనని డెలియో తన బిళ్ళలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నాడు. అతని ముందు ఏడు బిళ్ళలు. పక్కన సియానో తాత ముందు ఐదు. ఎదురుగా బెర్నాబే ముందు గుట్ట. బెర్నాబే కపితాన్ బావమరిది. వాడి ఆరు పడవలూ ఇంజన్లతో సహా తుఫానుకు ముందే లారీల మీద కొండ ఎక్కాయి. వాడికి ఇంజను దేనికని అడిగిన దమ్మున్నవాడు షెడ్డులో లేడు. నాలుగోవాడు అమాడో. వాడి ముందూ పెద్ద కుప్పే. డెలియో కూతురికి జ్ఞానతండ్రి వాడు, జ్ఞానస్నానం నాడు పిల్లను ఎత్తుకున్న చేతులు వాడివే. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరికొకరు కుంపారే, పిలుపులో 'పరే'.

"డెలియో, అవి బిళ్ళలా, దోమలా? ఊదితే ఎగిరిపోతాయిరా!" బెర్నాబే పళ్ళు కుట్టుకుంటూ నవ్వాడు. "బాధపడకు. ఓడిపోతే మా పడవ ఉందిగా. వల లాగేవాళ్ళు కావాలి నాకు."

"ఆయన పడవలో చేరితే జీతం చేప తలకాయలేరా," అన్నాడు సియానో తాత కళ్ళు తెరవకుండానే. "తోకలు కూడా ఆయనవే."

జనం నవ్వారు. డెలియోకు నవ్వు రాలేదు. ఇంజను లేకపోతే తెడ్డు వేసుకుంటూ సముద్రంలోని రాతిగట్టు దాటలేడు, చేపలు ఆ గట్టుకు అవతలే. అప్పుడిక బెర్నాబే పడవే గతి. ఒకసారి ఆ పడవెక్కినవాడు మళ్ళీ తన పడవకు రంగు వేసుకోవడం ఆ తీరంలో ఎవరూ చూడలేదు.

ఆట ఎలాంటిదంటే, మనిషికి రెండేసి ముక్కలు, మధ్యలో తిప్పే ఐదు ముక్కలు అందరివీ, వాటితో పెద్ద జత కట్టినవాడిదే పందెం. ముక్కలు చూడకముందే ఇద్దరు పందెం కట్టి తీరాలి, ఒకడు నాలుగు, ఇంకొకడు రెండు. ఆ వంతు మనిషి మనిషికీ తిరుగుతుంది. కపితాన్ గరిటెతో సత్తు పళ్ళెం మీద కొట్టినప్పుడల్లా పందెం రెట్టింపు. బిళ్ళలు దండిగా ఉన్నవాడు కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. లేనివాడు ఊరికే కూర్చున్నా అరిగిపోతాడు.

ఈసారి నాలుగు కట్టినవాడు అమాడో, రెండు కట్టినవాడు బెర్నాబే. వచ్చే వంతు నాలుగు డెలియోది, ఆపైన తాతది. డెలియో లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు ముక్కలు పడేసి, వచ్చే ఆటలో నాలుగు కట్టి, ఆ తర్వాత రెండు కట్టి కదలకుండా కూర్చుంటే తనకు మిగిలేది ఒకటి. అప్పటికి తాతకూ ఒకటే. ఇద్దరు ఎండిపోయిన మనుషులు ఎవరు ముందు చస్తారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండాలి. తాత పోవాలని కోరుకోవాలి. తుఫాను రాత్రి తన పడవను తాడుతో చెట్టుకు కట్టినవాడు ఈ తాతే. థూ, అనుకున్నాడు.

ముక్కలు ఎత్తి చూశాడు. ఇస్పేటు రాజు, కళావరు తొమ్మిది. గొప్పవేం కావు. అయినా ఇంతకన్నా మంచివి వచ్చేదాకా బిళ్ళలు ఆగవు. పైగా తన పందేనికి అడ్డం రాగలిగేది, ముందే నాలుగు కట్టి ఉన్న అమాడో. సొంత కుంపారే. వాడు పడేస్తాడు. పడేస్తే కట్టిన ఆరూ తనవే, ఏడు కాస్తా పదమూడు. ఒకరికొకరు సాయం చేసుకుంటే ఇద్దర్నీ గెంటేస్తానని కపితాన్ పొద్దున్నే చెప్పాడు గనక, అమాడో వైపు చూడను కూడా చూడలేదు.

"మొత్తం," అని ఏడు బిళ్ళలూ ముందుకు తోశాడు.

తాత ముక్కలు పడేశాడు. బెర్నాబే ఆవలించి పడేశాడు. అమాడో బొటనవేలితో ముక్కల అంచు ఎత్తి చూశాడు. మీసం కింద చిన్న నవ్వు వచ్చి పోయింది. ముందు కట్టిన నాలుగుకు తోడు ఇంకో మూడు బిళ్ళలు తీసి మధ్యలో పెట్టాడు.

"చూద్దాం," అన్నాడు.

"తిప్పండి," అన్నాడు జెపోయ్. ఇద్దరూ ముక్కలు తిప్పారు. అమాడోవి ఏడూ రెండూ, రంగు కూడా కలవలేదు. పోకర్‌లో అంతకన్నా చచ్చు ముక్కలు లేవు. షెడ్డంతా ఘొల్లుమంది.

"ఏంట్రా అమాడో, ఎండకు బుర్ర కరిగిందా!" ఎవడో అరిచాడు.

డెలియోకు అప్పుడు అర్థమైంది. అమాడో పడేస్తే తనకు వచ్చేది ఆరు. ఆడి ఓడిపోతే తొమ్మిది. ఓడిపోదామనే పెట్టాడు పిచ్చిముండాకొడుకు, ఇంకో మూడు బిళ్ళలు ఎక్కువ ఇద్దామని. పైకి ఆటలాగే కనబడేలా ఇచ్చాడు.

జెపోయ్ మధ్యలో మూడు ముక్కలు తిప్పాడు. రాజు, జాకీ, రెండు. రాజుల జత! డెలియో కుర్చీలోంచి లేచాడు. అతని భార్య గుంజ దగ్గర చేతులు జోడించుకుని నిలబడిపోయింది. నాలుగో ముక్క ఐదు, ఎవరికీ పనికిరానిది. అమాడో గట్టిగా ఊపిరి వదిలాడు, గెలిచినవాడిలా.

చివరి ముక్క రెండు. అమాడో దగ్గర మూడు రెళ్ళు, రాజుల జతను కొట్టేసేవి.

"అయిపోయింది, ముగ్గురూ తేలారు," అన్నాడు జెపోయ్, బిళ్ళలన్నీ అమాడో వైపు నెడుతూ. అమాడో వాటిని ముట్టుకోలేదు.

"పరే, నేను... నీకు ఎక్కువ రావాలని..."

"తెలుసు. నోరు మూసుకో, వింటారు."

"ఇంజను ఇద్దరం వాడుకుందాం పరే."

"ఒక ఇంజను రెండు పడవలు నడుపుతుందా? నీ పిల్లలు నలుగురు. పెట్టుకో."

సియానో తాత తన ఐదు బిళ్ళల మీద చెయ్యి వేసుకుని తల వంచుకున్నాడు. ఇంజను గెలిచాడు, మొహం మాత్రం శవం లేచిన ఇంట్లో ముసలాడి మొహం.

కపితాన్ ఫోటో కోసం అందర్నీ నిలబెట్టాడు, ఓడినవాళ్ళను కూడా. 'బాధితులకు ఇంజన్ల పంపిణీ' అని రాసిన గుడ్డ చాలా పొడుగు. ఒక కొస డెలియో చేతికి ఇచ్చారు. తొమ్మిది ఇంజన్లు ఎక్కడ అని ఇప్పుడైనా అరవచ్చు. ఇరవై నలుగురూ ఒక్క వరసలో, భుజాలు తగిలేంత దగ్గరగా ఉన్నారు. డెలియో పక్కకు చూశాడు. పక్కవాడు కెమెరాకు బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు. వాడూ పొద్దున ఓడినవాడే.

ఫోటో అయ్యాక బెర్నాబే వచ్చి భుజం తట్టాడు.

"ఏమంటావ్ డెలియో?"

డెలియో గుడ్డను జాగ్రత్తగా మడిచి కపితాన్ కుర్చీ మీద పెట్టాడు.

"ఎన్నింటికి రమ్మంటావన్నా?" అని అడిగాడు.